కడుపులో బిడ్డ బరువు ఎవరి లెక్క?



కడుపుతో ఉన్న ఆడమనిషి ఆస్పత్రికి పోతే గోడమీద బొమ్మ చూపిస్తారు. పాలు తాగాలి, పళ్ళు తినాలి, మధ్యాహ్నం పడుకోవాలి, బరువులెత్తకూడదు. బిడ్డ రెండున్నర కిలోలకి తక్కువ పుడితే 'నువ్వు సరిగ్గా తిన్లేదు' అని తల్లినే తిడతారు.

ఆ బొమ్మ అబద్ధమని మేం అనటం లేదు. తల్లికి రక్తం చాలకపోతే బిడ్డ నెలలు నిండకుండా పుట్టొచ్చు, బరువు తగ్గొచ్చు. ఐరన్ మాత్ర మింగాల్సిందే. అడ్డపొగ తాగే అలవాటుంటే మానాల్సిందే. కానీ మేం అడిగేదొకటి. విశాఖలో మేడలకి ఇసుక తట్టలు మోసేదెవరు? ఏడో నెలలో కూడా ఎందుకు మోస్తోంది? పొగరెక్కి మోస్తోందా? పని మానితే ఆ పూట పొయ్యి వెలగదు గనక!

గాలి సంగతో? ఓడరేవు పక్క వీధుల్లో బొగ్గు ధూళి గిన్నెల మీదా, ఆరేసిన గుడ్డల మీదా పడుతుంది. లారీల పొగ వేరే. తల్లి మాయలో, బిడ్డ వైపున కూడా, మసి రేణువులున్నాయని 2019లో బెల్జియం పరిశోధకులు చూపించారు. ఊపిరి పీల్చటం కూడా మా ఆడవాళ్ళ చెడ్డ అలవాటేనా?

బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లుని సమర్థించారు. కాన్పుకి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దేశానికే మేలనీ, ఆ భారం సర్కారూ యజమానీ మొయ్యాలనీ వాదించారు. 2017లో చట్టం మార్చి మొదటి రెండు కాన్పులకి 26 వారాల జీతం అన్నారు. ఎవరికి? ఏడాదిలో 80 రోజులు పని చేసినట్టు కాయితం ఉన్నవాళ్ళకి. మస్టర్లో పేరే లేని తట్టమోత మనిషికి? 2013 ఆహార భద్రత చట్టం 6000 రూపాయలకి తగ్గకూడదంది. 2017లో వచ్చిన పథకం తొలి కాన్పుకి 5000 ఇచ్చి, మిగతాది ఆస్పత్రి కాన్పు డబ్బుతో కలిపి సరిపెట్టింది. 26 వారాల జీతం ఎక్కడ, ఈ 5000 ఎక్కడ!

ఇంకో మాట. రక్తం పట్టటానికి ఖర్జూరం, దానిమ్మ అంటారు. మన పెద్దకూర పేరెత్తరు. అందులో ఇనుము ఒంటికి సులువుగా పడుతుందని డాక్టర్లకి తెలుసు. నోరు రాదు, అంతే.

మన మగాళ్ళనీ వదలం. ఇంట్లో చుట్ట కాల్చి, కూరముక్కలన్నీ మీరు తిని, అడుగు పులుసు ఆమెకి మిగిల్చి, సర్కారుని తిడితే సరిపోదు. మీ చుట్ట పొగ కూడా కడుపులో బిడ్డకి చేటే.

నెల తప్పగానే అంగన్‌వాడీలో పేరు రాయించండి. కాంట్రాక్టరు పేరూ, పని చేసిన రోజులూ నోటుబుక్కులో ఏ రోజుకారోజు ఎక్కించండి. చదువుకున్న కుర్రాళ్ళు ఈ పని చెయ్యాలి. 80 రోజులు నిండిన ప్రతి పేరూ సంఘానికి తెండి. లేబరాఫీసుకి కలిసే పోదాం.