కుటుంబ భారానికి కొలమానం ఉంది.. లెక్కలోకే రావడం లేదు

స్కిజోఫ్రెనియా బాధితులకు వైకల్య ధ్రువపత్రం ఇచ్చేందుకు వైద్యులు ‘ఐడియాస్’ అనే కొలమానాన్ని వాడుతున్నారు. స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగు అంశాలతో పాటు వ్యాధి ఎంతకాలంగా ఉందన్నదీ ఇందులో పరిగణిస్తారు. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే ప్రభుత్వ ప్రయోజనాలకు మార్గం సుగమమవుతుంది. అయితే, బాధితుణ్ని ఆసుపత్రికి తీసుకొచ్చిన తల్లి ఎన్ని పనిదినాలు కోల్పోయింది, ఎన్ని రాత్రులు నిద్రకు దూరమైంది అన్న ప్రశ్నలకు ఆ కొలమానంలో చోటు లేదు.

నాలుగు దశాబ్దాల కిందటే..

ఈ భారాన్ని కొలిచే సాధనాలు మన దేశంలో లేక కాదు. 1981లోనే పాయ్, కపూర్ అనే పరిశోధకులు భారతీయ కుటుంబాలకు తగిన ప్రశ్నావళిని రూపొందించారు. ఆర్థిక స్థితి, దైనందిన కార్యకలాపాలు, తీరిక, కుటుంబ సభ్యుల మధ్య సంబంధాలు, ఇతరుల శారీరక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం అనే ఆరు విభాగాల్లో 24 అంశాలను అందులో చేర్చారు. చెన్నైలోని ‘స్కార్ఫ్’ సంస్థ 1998లో 40 అంశాలతో మరో ప్రశ్నావళిని వెలువరించింది. జీవిత భాగస్వామి ఎదుర్కొనే ఇబ్బందులకు అందులో ప్రత్యేక స్థానం కల్పించింది.

భారమా అని అడిగితే..

ఇలాంటి అధ్యయనాల్లో భాష కీలకం. ‘మీ అబ్బాయి మీకు భారమా?’ అని అడిగితే ఏ తల్లి అయినా కాదనే అంటుంది. కన్నబిడ్డ విషయంలో ఆ మాటే నిందలా వినిపిస్తుంది. అదే తల్లిని మందులకు అప్పు చేశారా, పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేశారా అని అడిగితే సమాధానం వేరుగా ఉంటుంది. లెక్కకు అందే నష్టం ఒకటి, మనసులో మోసే బాధ మరొకటి. రెండింటినీ విడివిడిగా నమోదు చేయాలని పరిశోధకులు 1966 నుంచే చెబుతున్నారు. ఇక్కడ కొలవాల్సింది ఆదరణ లేక కుటుంబం పడుతున్న కష్టాన్ని. బాధితుడిపై భారమన్న ముద్ర వేయడం దీని ఉద్దేశం కాదు.

చట్టంలో అవకాశం

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, తీవ్ర మానసిక రుగ్మతలున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్స అందడం లేదు. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. చికిత్స అందని చోట సంరక్షణ బాధ్యత అంతా ఇంటివారిదే.

అధిక సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే అవకాశాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్ కల్పించింది. అయితే ప్రభుత్వ ఆర్థిక సామర్థ్యానికి లోబడి అన్న షరతు ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సంరక్షకులు ఎవరో నిర్వచించింది. ఇక మిగిలింది వారి స్థితిని నమోదు చేయడమే. జిల్లా మానసిక ఆరోగ్య కేంద్రాల్లో బాధితుల వివరాలతో పాటు కుటుంబ భారాన్నీ ఏటా నమోదు చేస్తే ఏ ఇంటికి భత్యం కావాలో, ఎవరికి కొన్నాళ్ల విశ్రాంతి కావాలో, ఎక్కడ సంరక్షకులకే చికిత్స అవసరమో తెలుస్తుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ (14416) సేవలను కుటుంబ సభ్యులూ వినియోగించుకోవచ్చు. కానీ ఫోన్‌లో దొరికే ఓదార్పు కోల్పోయిన కూలిని తిరిగివ్వలేదు.

వయసు మీరిన తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒక్కటే: మా తరువాత వీడిని చూసేదెవరు? అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క తేలితేనే ఆ ప్రశ్నకు బడ్జెట్‌లో చోటు దొరుకుతుంది.