పిల్లల చేతికి వృత్తలేఖిని ఇవ్వండి

చదునైన కాగితం మీద పెట్టెలు లేచి నిలిచినట్టు, కదలని గీతలు కదిలినట్టు భ్రమ కలిగించే చిత్రాలంటే నేటి పిల్లలకు ఎంతో ఇష్టం. ఇవి పాశ్చాత్యుల సృష్టి అని చాలామంది భావిస్తున్నారు. మరోవైపు మన ఇళ్లలో కొందరు పెద్దలు డ్రాయింగు పుస్తకం కనిపిస్తే చాలు, "బొమ్మలు మనకు తగవు" అని లాగేసుకుంటున్నారు. ఈ రెండూ సరికావని మా అభిప్రాయం.

ప్రాణుల చిత్రాల విషయంలో ఇస్లాం చేసిన హెచ్చరిక అందరికీ తెలిసిందే. అయితే ఆ పనే జీవనాధారమని చెప్పుకున్న ఒక చిత్రకారునికి, చెట్లను, ప్రాణం లేని వాటిని గీసుకోమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సూచించినట్టు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అంటే ఒక తలుపు మూసినా మరో దారి చూపారన్నమాట. ఆ దారిలో ముస్లిం కళాకారులు ఎంత దూరం వెళ్లారో చూడండి.

స్పెయిన్‌లోని గ్రనడా నగరంలో అల్‌హమ్రా కోట ఉంది. దాని గోడల మీద ముదురు పలకలు, తెల్ల పలకలు ఒకే ఆకారంలో ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ఒకసారి ముదురువి ముందుకు వచ్చినట్టు, మరుక్షణం తెల్లవి వచ్చినట్టు తోస్తుంది. హాలండ్ చిత్రకారుడు ఎషర్ 1922లో ఒకసారి, 1936లో మరోసారి అక్కడికి వెళ్లి ఆ నమూనాలను శ్రద్ధగా నకలు చేసుకున్నాడు. తర్వాత ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చిన చిత్రాలకు ఆ గోడలు పెద్ద ప్రేరణ. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బె ఇమాం కట్టడం మీది అల్లికలో, పాశ్చాత్య గణితజ్ఞులు 1970లలో కనుగొన్న అమరికకు దగ్గరి పోలికలున్నాయని 2007లో ఇద్దరు శాస్త్రవేత్తలు వెల్లడించారు.

అంత దూరం పోనక్కర్లేదు. చార్మినార్ (1591) కట్టిన కొద్ది ఏళ్లకే మన హైదరాబాదులో బాద్షాహీ ఆషూర్‌ఖానా వెలిసింది. 1908 మూసీ వరదలో కింది పలకలు దెబ్బతిన్నా, పై భాగంలోని రంగుల పలకల పనితనం చూపు తిప్పుకోనివ్వదు. మనలో ఎంతమంది పిల్లలను తీసుకెళ్లి చూపించాం?

ఇందులో గారడీ ఏమీ లేదు. వృత్తం గీసి, అదే కొలతతో దాని అంచు మీద వరుసగా గుర్తులు పెడితే ఆరు బిందువులు వస్తాయి. వాటిని కలిపితే షడ్భుజి. కేంద్రం నుంచి ఒకటి విడిచి ఒకటిగా మూడు మూలలకు గీతలు గీస్తే మూడు సమచతుర్భుజాలు. వాటికి ఒకే రంగును లేతగా, మధ్యస్థంగా, ముదురుగా వేయండి. ఇదే అమరికను పేజీ నిండా పక్కపక్కనే గీయండి. కాగితం మీద పెట్టెలు లేస్తాయి. ఇంకాస్త చూస్తే అవి బోర్లాపడినట్టు తోస్తుంది. గీత మారలేదు, మన చూపే మారింది. కంటికి కనిపించిందల్లా నిజం కాదన్న వినయం కూడా ఇక్కడే అలవడుతుంది.

పదేపదే చూడండి, లోపం దొరుకుతుందేమో వెతకండి అని సూరా ముల్క్‌లో అల్లాహ్ తన సృష్టి గురించి మనిషిని సవాలు చేశాడు. క్రమాన్ని గమనించే కన్ను ఆ పిలుపును బాగా అర్థం చేసుకుంటుంది. లెక్కలంటే భయపడే అబ్బాయికి ఇది లెక్కల పాఠం. ఇంట్లో జర్దోజీ కుట్టే అమ్మాయికి ఇది కొత్త నమూనా, నాలుగు రూపాయల ఆదాయం.

కనుక తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోని పుస్తకం లాక్కోకండి. అందులో ఏం గీయవచ్చో చూపండి. పక్కన కూర్చుని మొదటి వృత్తం మీరే గీయండి.