ఏం జేసిండు సారూ?

జూన్ 12న బడి తెరిచాక, వారం లోపల మా మూడో తరగతి పిల్లల ఇళ్లన్నిటికీ ఫోన్ చేయాలని పెట్టుకున్నాను. మొదటి ఫోన్ ఎత్తిన తల్లి, నేను ఫలానా అని చెప్పీ చెప్పకముందే "ఏం జేసిండు సారూ?" అంది. గొంతులో బెదురు.

"ఏం చెయ్యలేదమ్మా. పొద్దున చెట్లకు నీళ్లు పొయ్యమంటే ఒకటో తరగతి పిల్లలకు చెంబు అందిచ్చి, వాళ్లతోని పోయించిండు. గా ముచ్చట చెప్దామనే చేసిన" అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత పక్కన ఎవరితోనో అంటోంది: "సారు మనోడు మంచిగున్నడంటున్నడు."

ఇరవై రెండు ఇళ్లకు చేస్తే సగానికి పైగా ఇదే ప్రశ్న ఎదురైంది. తప్పు వాళ్లది కాదు. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే పిల్లవాడు ఎవరినో కొట్టి ఉండాలి, లేదా ఆధార్ జిరాక్స్ తక్కువై ఉండాలి. ఇన్నేళ్లుగా మేం అలవాటు చేసింది అదే. అందుకే ఏడాదిలో ఇంటికి చేరే మొదటి కబురు బిడ్డ గురించిన మంచి మాట కావాలంటున్నాను. అదీ టీచరు గొంతుతోనే చేరాలి.

వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటారు. ఆ గ్రూపులో ఉన్నది చాలావరకు తండ్రి నంబరు. ఆయన పట్నంలో ఆటో నడుపుతుంటాడు, పిల్లను బడికి పంపేదేమో తల్లి. ఆమె నంబరు అడిగి రాసుకున్నాను. చదువు రాని తల్లికి నోటీసు ఫొటో పంపి ఏం లాభం? అదే మాట వాయిస్ మెసేజ్ పెడితే రెండుసార్లు వింటుంది, అత్తకూ వినిపిస్తుంది.

వేళ కూడా చూసుకోవాలి. జూన్ అంటే మా వైపు పత్తి గింజలు పెట్టే రోజులు. పొద్దున పదకొండింటికి మీటింగు పెడితే ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. రాకపోతే పిల్లల మీద పట్టింపు లేదని స్టాఫ్ రూములో అనేస్తాం. ఆ మాట మానేయాలి. రాత్రి ఏడున్నరకు ఫోన్ చేస్తే అందరూ దొరికారు.

2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో తరచూ సమావేశమై, బిడ్డ హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి చెప్పడం టీచరు విధి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు, మరుసటి ఏడాది జూలై 10నే పెట్టారు. డిసెంబరు కంటే జూలై మేలు. జూన్ ఇంకా మేలు, అప్పటికి పిల్లవాడి మీద ఫిర్యాదులేవీ పోగుపడి ఉండవు.

చెప్పడంతో పాటు అడగడం కూడా ఉండాలి. ఇంట్లో ఏమని పిలుస్తారని అందరినీ అడిగాను. రిజిస్టరులో మూడు మాటల పేరున్న ఒక పిల్ల ఇంట్లో చిట్టి. హాజరు పిలిస్తే తల దించుకునే ఆ పిల్ల, చిట్టీ అనగానే తలెత్తి నావైపు చూసింది.

నెల తిరక్కుండానే ఆ మొదటి తల్లి తనే ఫోన్ చేసింది. "ఏమనుకోకు సారూ. బోర్డు మీద రాసేది వానికి మసక మసకగ కనవడుతున్నదట. చెప్తే తిడ్తరని మీకు చెప్పలే." ఎక్కాలు చెప్పమంటే గడగడా చెప్పేవాడు, బోర్డు మీది లెక్క దించుకోమంటే మాత్రం తప్పులు పోయేవి. శ్రద్ధ లేదని నా పుస్తకంలో వాడి పేరు ఎదురుగా రాసి పెట్టాను. ఆ మాట కొట్టేసి, మర్నాడు వాణ్ణి ముందు వరుసలోకి మార్చాను. కళ్లు చూపించడానికి శనివారం తల్లి పనికి పోకుండా వాణ్ణి తీసుకెళ్లింది.