లైటు మీద నల్ల టేపు

సంపాదకులకు,

ఘాట్ రోడ్లలో లారీ ప్రమాదాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. డ్రైవరు నిద్రమత్తు, ఓవర్‌లోడు, అరిగిన టైర్లు అన్నీ రాశారు. కాదనను. ఒకటి మాత్రం వదిలేశారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగు పని చేయబట్టి నాకు ఇరవై ఆరేళ్లు. ఈమధ్య షెడ్డుకొచ్చే బళ్లలో డ్యాష్‌బోర్డు మీద ఒక మూల చిన్న నల్ల టేపు ముక్క కనబడుతోంది. గోటితో ఊడదీస్తే కింద పసుపుపచ్చ ఏబీఎస్ లైటు వెలుగుతూ ఉంటుంది. "దాన్ని వదిలెయ్యండి మేస్త్రీ, బ్రేకులు బాగానే పడుతున్నాయి" అంటాడు డ్రైవరు.

అతను అబద్ధం చెప్పట్లేదు. ఏబీఎస్ చెడినా గాలి బ్రేకు మామూలుగానే పడుతుంది. పోయేదల్లా చక్రం బిగుసుకుపోయే క్షణంలో గాలిని వదిలి, పట్టి, మళ్లీ వదిలే ఆ సాయం. పొడి రోడ్డు మీద, లోడుతో, నిదానంగా వెళ్లేవాడికి ఆ తేడా ఏళ్లు గడిచినా తెలియకపోవచ్చు. ఖాళీ బండి, తొలకరి చినుకులకి నూనె తేలిన రోడ్డు, ఉన్నట్టుండి అడ్డొచ్చిన గేదె. అప్పుడు తెలుస్తుంది. వెనక చక్రాలు బిగుసుకుని బండి తోక పక్కకి కొట్టుకొస్తుంది. ఆ మర్నాడు పేపర్లో "డ్రైవర్ నిర్లక్ష్యం" అని వస్తుంది.

2015 నుంచి మన దేశంలో కొత్త భారీ లారీలకు, బస్సులకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచి పని చేశారు. అయితే బిగించమన్నవాళ్లు, అది చెడితే ఎవరు చూడాలి, దేంతో చూడాలి అన్నది మాత్రం గాలికొదిలేశారు. నా గోలంతా దాని గురించే.

గుంటూరు నుంచి మిర్చి ఎత్తుకెళ్లే పది టైర్ల బండి ఒకటి మొన్న నా దగ్గరికొచ్చింది. ఓనరే డ్రైవరు. లైటు వెలుగుతోందని ఒక కంపెనీ వర్క్‌షాపుకి తీసుకెళ్తే ఈసీయూ, అంటే ఏబీఎస్‌ని నడిపే కంప్యూటరు పెట్టె, పోయిందన్నారట. పెట్టె మార్చి, కోడింగు చేసి, నెల కిస్తీకి సరిపడా బిల్లు చేతిలో పెట్టారు. కొత్త పెట్టెలో పాత తప్పులేవీ నమోదై ఉండవు కాబట్టి లైటు ఆరింది. బండి ఊరు దాటకముందే మళ్లీ వెలిగింది.

నేను చేసింది పెద్ద విద్యేం కాదు. చక్రాల దగ్గరి సెన్సార్లకి మల్టీమీటరు పెట్టాను. నాలుగూ 1,100 నుంచి 1,200 ఓంల మధ్య చూపించాయి, అంటే తీగ చుట్టలు బాగున్నట్టే. తర్వాత ఒక్కో చక్రం జాకీ మీద లేపి, రెండు సెకన్లకొక చుట్టు చొప్పున చేత్తో తిప్పాను. ఆ వేగానికి సెన్సారు నుంచి కనీసం 0.2 వోల్టుల ఏసీ రావాలి. వెనక ఎడమ చక్రానిది అందులో సగం కూడా రాలేదు. పదిహేను రోజుల కిందట ఆ హబ్బుకి గ్రీజింగు చేయించాడట. సెన్సారును అక్కడ బోల్టు పట్టుకోదు, ఒక స్ప్రింగు బుష్షు పట్టుకుని ఉంటుంది. హబ్బు విప్పి ఎక్కించేటప్పుడు అది వెనక్కి జరిగింది. సెన్సారును చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగుకి ఆనేదాకా చేత్తో నొక్కాలి, సుత్తి తగలకూడదు. రింగుకీ దానికీ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వచ్చినా సిగ్నలు చచ్చిపోతుంది. నొక్కాను. బేరింగులో ఆట లేదని చూసుకున్నాను. అయిదొందలు తీసుకున్నాను.

తాళం తిప్పితే లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన మొహం మాడిపోయింది. సెన్సారు తప్పు సరిచేశాక కూడా బండి కదిలి గంటకు 7 కిలోమీటర్లు దాటేదాకా ఆ లైటు ఆరదు. కంప్యూటరు చక్రాలన్నీ తిరగడం కళ్లారా చూస్తే గాని నమ్మదు. ఈ చిన్న ముక్క తెలియక బాగైన బండిని తిరిగి విప్పినవాళ్లని ఎరుగుదును.

ఆ వర్క్‌షాపు కుర్రాణ్ణి నేను తిట్టను. వాడి చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, జాకీ పట్టే తీరిక ఇవ్వలేదు. కానీ చాలా బళ్లలో ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఒక స్విచ్చి నొక్కితే ఆ పసుపు లైటే మినుకుమినుకుమని అంకెలు చెబుతుంది. నాకు తెలిసిన ఒక రకం పట్టికలో మొదటి అంకె 3 అయితే సెన్సారు ఖాళీ ఎక్కువైంది, 4 అయితే సెన్సారు తీగ తెగింది లేదా షార్టయింది. రెండో అంకె ఏ చక్రమో చెబుతుంది. మొదటి అంకె 8 అయితే అందరూ పెట్టె పోయిందంటారు. అక్కడా తొందర కూడదు. 8 తర్వాత 1 వస్తే కరెంటు తక్కువ, 2 వస్తే ఎక్కువ, 5 వస్తే ఎర్త్ బాగాలేదు. 3 వచ్చినప్పుడే పెట్టె లోపలి తప్పు. ఎర్త్ బోల్టు తుప్పు గీకితే పోయేదానికి ఈసీయూ మార్చడమా?

ఇంతకీ ఆ అంకెల పట్టిక ఓనరుకిచ్చే పుస్తకంలో ఎందుకుండదు? ఉన్నా తెలుగులో ఎందుకుండదు? స్కానరు సాఫ్ట్‌వేరు మాలాంటి వాళ్లకి డబ్బు కడతామన్నా ఎందుకు దొరకదు? 2014లో కాంపిటిషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్నది అభియోగం. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది. కార్ల గురించి అంత ఆలోచించినవాళ్లు లారీ బ్రేకు దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోయారు?

కంపెనీల వాళ్లు చెప్పే మాట నాకు తెలుసు. బ్రేకులంటే ప్రాణాలతో పని, కనపడినవాడల్లా వేలు పెడితే ఎలా అంటారు. అందులో నిజముంది, మా తప్పులూ ఉన్నాయి. ఛాసిస్‌కి వెల్డింగు పెట్టేటప్పుడు బ్యాటరీ వైర్లు, ఈసీయూ కప్లర్లు విప్పాలని మా ఆటోనగర్‌లో ఎంతమంది పాటిస్తున్నారు? టెస్టరు బల్బు సూదితో తీగల తోలు పొడిచి చూడటం, ఆ కన్నంలోంచి నీళ్లు దిగి లోపల పచ్చగా చిలుము పట్టడం నా చేతుల మీదుగానే జరిగింది, మొదటి ఏళ్లలో. ఎవరూ నేర్పలేదు. పెట్టెల మధ్య మాటలు మోసే క్యాన్ తీగల జంటకి బ్యాటరీ తీసి కొలిస్తే 60 ఓంలు రావాలని, 120 వస్తే ఒక చివర తెగిందని నాకు తెలిసింది మా అమ్మాయి పదో తరగతి ఫిజిక్సు పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాకే.

అందుకే నేను అన్నీ తెరిచెయ్యమనడం లేదు. తప్పు చదవడం వేరు, పెట్టెలో కోడింగు మార్చడం వేరు. రెండోదానికి తాళం వేసుకోండి. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో నమోదు పెట్టండి, అభ్యంతరం లేదు. చదవడానికి మాత్రం తాళం తీయండి. ఇప్పుడు జరుగుతున్నది చూడండి: చదివే దారి లేనివాడు టేపు వేస్తున్నాడు, లేదా ఫ్యూజే పీకేస్తున్నాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. మెకానిక్కు వేలు పెట్టడం కంటే అది క్షేమమా?

ఫిట్‌నెస్ పరీక్ష గురించి కూడా ఒక మాట. రోలర్ల మీద చక్రాన్ని నిదానంగా తిప్పి బ్రేకు బలం కొలుస్తారు. అవసరమే. ఆ నిదానానికి ఏబీఎస్ నిద్ర కూడా లేవదు. తాళం తిప్పగానే లైటు వెలిగిందా, బండి నాలుగు గజాలు కదిలి కాస్త వేగం అందుకోగానే ఆరిందా అని చూడటానికి మెషీను అక్కర్లేదు, మనిషి క్యాబిన్ ఎక్కితే చాలు. అసలు వెలగని లైటును కూడా తప్పు కిందే రాయాలి.

నాకు దొరికిన ఆ ఒక్క పట్టికను తెలుగులో చేత్తో రాసి షెడ్డు గోడకి అంటించాను. డ్రైవర్లు ఫోన్లలో ఫోటో తీసుకుని వెళ్తున్నారు. అది ఒక రకం బళ్లకే పనికొస్తుంది. నిన్న ఇంకో కంపెనీ బండి డ్రైవరు గోడ ముందు చాలాసేపు నిలబడి, "మా బండిది కూడా రాయండి మేస్త్రీ" అన్నాడు. కాగితం, పెన్ను నా దగ్గరున్నాయి. అంకెలు వాళ్ల కంపెనీ దగ్గరున్నాయి.

ఇట్లు,
ఒక లారీ ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ