పాత పత్రికల్లో దాగిన పట్లు

1899లో లండన్ నుంచి వెలువడే పియర్సన్స్ మేగజైన్‌లో ఆత్మరక్షణ మీద ఒక సచిత్ర వ్యాసం అచ్చయింది. రాసినవాడు ఎడ్వర్డ్ విలియం బార్టన్-రైట్. 1860లో బెంగళూరులో పుట్టిన ఇంగ్లీషువాడు, వృత్తిరీత్యా ఇంజనీరు. ఉద్యోగానికి జపాన్ వెళ్లి, కోబేలో జుజుట్సు నేర్చుకుని, 1898లో ఇంగ్లండ్ చేరాడు. దానికి బాక్సింగూ, కాళ్లతో తన్నే ఫ్రెంచి సవాత్, చేతికర్ర పోరూ జోడించి బార్టిట్సు అని పేరు పెట్టాడు. తూర్పు పడమరల పోరాట విద్యలను ఒక్క గొడుగు కిందికి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

ఆనాటి లండన్ వీధుల్లో దొంగల భయం ఎక్కువ. 1862లో బాటసారుల మెడ నులిమి దోచుకునే ముఠాల వార్తలతో నగరం హడలిపోయింది. ఆ భయం శతాబ్దం చివరికీ పోలేదు, రౌడీ మూకల కథనాలతో పత్రికలు దాన్ని రాజేస్తూనే ఉన్నాయి. కత్తి కట్టుకు తిరిగే రోజులు పోయాయి. పెద్దమనిషి చేతిలో మిగిలింది ఊతకర్రే.

ఆ కర్రతో ఏం చేయవచ్చో బార్టిట్సులో చూపినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ విన్యీ. కత్తిసాములో లాగా కర్రను ముందుకు చాపితే ఎదుటివాడు మొదట వేళ్ల మీద కొడతాడు. అందుకే విన్యీ కర్ర పట్టిన చేతిని తలపైకి ఎత్తి నిలబడమన్నాడు. ముందు ఏమీ అడ్డు లేనట్టు కనిపించి శత్రువు దెబ్బ వేయబోతాడు. శరీరాన్ని చటుక్కున వెనక్కి లాగి, పైనుంచి కర్ర దించితే వాడి చేయే దెబ్బ తింటుంది. పియర్సన్స్ ఫొటోల్లో ఇంకో ఉపాయం కూడా ఉంది: భుజాల మీద వదులుగా వేసుకున్న ఓవర్‌కోటును తీసి దుండగుడి తల మీద విసరడం, వాడు తేరుకునేలోగా పని ముగించడం.

షాఫ్ట్స్‌బరీ అవెన్యూలో బార్టన్-రైట్ నడిపిన క్లబ్బు 1902లోనే మూతపడింది. 1903లో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను మృత్యుముఖం నుంచి తప్పించడానికి ఈ విద్యనే వాడుకున్నాడు, పేరులో ఒక అక్షరం తప్పించి. శతాబ్దం పాటు లోకానికి మిగిలింది ఆ తప్పుపేరే. బార్టన్-రైట్ 1951లో బీదరికంలో పోయాడు.

అయితే ఈ విద్యకు అసలు పరీక్ష జరిగింది పెద్దమనుషుల క్లబ్బులో కాదు, ఓటు హక్కు కోసం వీధికెక్కిన స్త్రీల మధ్య. ఆ క్లబ్బుకు జపాన్ నుంచి వచ్చిన గురువుల్లో సదకజు ఉయెనిషి ఒకడు. అతని దగ్గర జుజుట్సు నేర్చిన ఎడిత్ గారడ్ ఐదడుగులైనా లేని మనిషి. 1910 నవంబరు 18న పార్లమెంటు ముందు పోలీసులు స్త్రీలను గంటల తరబడి కొట్టారు, ఈడ్చారు. 1913లో వచ్చిన చట్టం ఇంకా క్రూరమైనది: జైల్లో నిరాహారదీక్ష చేసి నీరసించినవారిని వదలడం, కోలుకోగానే మళ్లీ పట్టుకోవడం. ఉద్యమ నాయకురాలు ఎమలీన్ పాంక్‌హర్స్ట్‌ను కాపాడటానికి సుమారు ముప్పైమంది స్త్రీల రక్షకదళం ఏర్పడింది. రహస్య స్థలాల్లో వారికి శిక్షణ ఇచ్చింది ఎడిత్. వారు గౌన్లలో దాచుకున్న ఆయుధాలు ఇండియన్ క్లబ్బులు, అంటే మన తాలింఖానాల్లో తిప్పే ముద్గరాల జాతి కొయ్యలు. 1914 మార్చి 9న గ్లాస్గో సభలో పోలీసులు వేదిక మీదికి దూకినప్పుడు, పూలదండల చాటున కట్టిన ముళ్లతీగ వారి చేతులకు గుచ్చుకుంది. పాంక్‌హర్స్ట్‌ను అరెస్టు చేసుకుపోయారు నిజమే, కానీ ఊరికే అప్పగించలేదు.

పునరుద్ధరణ ఈ శతాబ్దంలో మొదలైంది. 2002లో బార్టిట్సు సొసైటీ ఏర్పడింది. 2005లో టోనీ వుల్ఫ్ సంపాదకత్వంలో పాత వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. భారతదేశంలో పోలీసు అధికారిగా పనిచేసిన హెచ్.జి. లాంగ్ 1923లో విన్యీ పద్ధతి ఆధారంగా రాసిన కర్రపోరు పుస్తకమూ సాధకులకు అక్కరకొచ్చింది. ఫొటోకూ ఫొటోకూ నడుమ బరువు ఏ కాలి మీదికి మారిందో కాగితం చెప్పదు. దాన్ని ఒంటితోనే వెతకాలి. మెచ్చవలసింది ఏమిటంటే, అచ్చులో ఉన్న పద్ధతి ఒకటని, తాము ఊహతో పూరించింది వేరొకటని వీరు విడదీసి చెబుతారు. ప్రాచీన విద్యల పేరిట నిన్నటి కల్పనలు చెల్లుబాటవుతున్న కాలంలో ఈ నిజాయితీ అరుదైనది.

లోటు ఒకటుంది. పెద్దమనుషుల పట్లు ఫొటోలతో సహా దొరికాయి. రక్షకదళానికి ఎడిత్ ఏ వరసలో ఏం నేర్పిందో చెప్పే పాఠ్యక్రమం అలా అచ్చుకాలేదు. పోలీసుల కన్నుగప్పి సాగిన చదువు కాగితం మీదికి ఎక్కదు మరి. 1971లో, 99వ ఏట మరణించిన ఎడిత్ పేర ఇజ్లింగ్‌టన్‌లో ఆమె ఉన్న ఇంటికి 2012లో ఫలకం పెట్టారు. సాధకులు ఆమె పాఠాలను ఇప్పుడు గురువు ఉయెనిషి రాసిన జుజుట్సు పుస్తకం నుంచీ, ఆనాటి పత్రికల్లో అచ్చయిన ఆమె ఫొటోల నుంచీ కూడబలుక్కుంటున్నారు.