ఓ పూట తోడు

మా మేనకోడలి కుమారునికి ఆటిజం ఉన్నదని తెలిసి ఆరేళ్లయినది. రెండేళ్లు నిండినా పిలిస్తే తిరిగి చూడడం లేదని, మాటలు రాలేదని ఆమె మొదట చెప్పుకొన్నది నాతోనే. "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనమ్మా, కంగారు పడకు" అన్నాను. ముప్పయ్యేళ్లు బడిపిల్లలతో గడిపినవాణ్ణి గదా, నమ్మింది. ఆ నమ్మకంతో ఒక ఏడాది వృథాగా గడిచిపోయింది. ఈ నాలుగు మాటలు వ్రాసే అర్హత నాకు ఆ తప్పిదం వల్లనే వచ్చినదేమో!

తరువాత బంధువుల సలహాలు మొదలయినవి. ఒకరు వసకొమ్ము అరగదీసి నాకించమన్నారు, ఒకరు తాయెత్తు, మరొకరు గ్రహశాంతి. అన్నింటి వెనుకా "తల్లి సరిగా చూసుకోలేదు" అన్న అభియోగం తొంగిచూస్తూనే ఉన్నది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించిన తరువాత, పాశ్చాత్యదేశాలలో సైతం కొందరు తల్లుల ప్రేమరాహిత్యమే దీనికి కారణమన్నారు. ఆ వాదం అక్కడ ఏనాడో వీగిపోయింది. మన పెళ్లిపందిళ్లలో ఇంకా బతికే ఉన్నది.

అటువంటి పందిరిలోనే, నిరుడు, డోలు సన్నాయిల హోరుకు పిల్లవాడు చెవులు మూసుకొని కేకలు పెట్టాడు. అందరూ తిరిగి చూశారు. తల్లి వాణ్ణి ఎత్తుకొని పోయి కారులో కూర్చున్నది. మా కోడలు వెంట వెళ్లి, "వాడికిప్పుడేం కావాలి వదినా?" అని మాత్రం అడిగింది. నీళ్లసీసా మూత గిరగిర తిప్పితే చాలునట. నలభై నిమిషాలు కారులో కూర్చొని మూత తిప్పింది మా కోడలు. "ఎన్నాళ్లకో కూర్చొని వేడన్నం తిన్నాను మామయ్యా" అన్నది మేనకోడలు. ఆమె అన్నం తిని ఎన్నాళ్లయినదో మేమెవ్వరం అడిగి ఎరుగము.

అప్పటినుండి ఆదివారం సాయంత్రాలు నేను వెళుతున్నాను. వెళ్లేముందు ఫోనులో చెబుతాను, ఎందుకంటే ఆకస్మికంగా వస్తే వాడు బెదురుతాడు. ముద్దుపేరిట పట్టి లాగను. కొందరు దీనిని 'స్వలీనత' అంటున్నారు. తెలుగు పండితునిగా సమాసం బాగున్నదనే అంటాను. కానీ గుమ్మంలో నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి పలక తెచ్చి ఒళ్లో పడవేసేవాడు తనలో తాను లీనమైనవాడెట్లా అవుతాడు?

వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని కూడా చేర్చింది 2016 నాటి చట్టం. ఆ ధ్రువపత్రానికి పిల్లవాడితో వరుసలో నిలబడడం ఎంత కష్టమో ఒక్కసారి తోడు వెళితే తెలుస్తుంది. సలహా చెప్పే ఓపిక ఉన్నవారు ఆ ఓపికను అక్కడ వాడవచ్చును.

వాడికొక అక్క ఉన్నది, ఏడవ తరగతి. ఆ పిల్ల పద్యం అప్పజెబితే వినే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని ఆదివారాల్లో ఒక అరగంట దానిది.