గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

గోటితో పోయేదానికి గొడ్డలి వాడరాదన్న సామెత తెలియని తెలుగువారు ఉండరు. విచిత్రమేమంటే, గోటి విషయంలోనే మనం ఆ సామెతను మరచిపోతున్నాము. కాలి బొటనవేలి గోరు అంచున నొప్పి మొదలవగానే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు కొనడం, తగ్గకపోతే అంతకంటె బలమైనవి మింగడం, అప్పటికీ లొంగకపోతే గోటిని మొత్తంగా పీకించుకోవడం మన ఊళ్లలో సాగుతున్న వైద్యం. మాత్రలు ఈ నొప్పికి మూలకారణాన్ని తాకనైనా తాకవు. పీకడం ఆ కారణాన్ని కొన్ని నెలలు వాయిదా వేస్తుంది, అంతే.

అరికాలిలో ముల్లు విరిగితే మీరేమి చేస్తారు? ముల్లు తీస్తారు. ముల్లును లోపలే ఉంచి, పుండు మానడానికి మాత్రలు మింగేవారిని చూసి జాలిపడతారు. లోనికి పెరిగిన గోరు కూడా అటువంటి ముల్లే. గోరు అంచు పక్కనున్న మెత్తని చర్మంలోకి గుచ్చుకుంటుంది. శరీరం దానిని పరాయి వస్తువుగా భావించి పోరాడుతుంది. వాపు, ఎరుపు, చీము ఆ పోరాట ఫలితాలు. 1937లో హైఫెట్జ్ అనే వైద్యుడు ఈ బాధను మూడు దశలుగా వర్గీకరించాడు: మొదట ఎరుపు, వాపు, నొప్పి, తరువాత చీము, చివరకు గోటి పక్కన ఉబ్బి, తాకితే రక్తం కారే ఎర్రని మాంసపు బొడిపె. ఆ వర్గీకరణ నేటికీ వాడుకలో ఉంది. మూడు దశలలోనూ ముల్లు ఒక్కటే, గోటి అంచు.

ఆ ముల్లును చాలావరకు తయారుచేస్తున్నది మనమే. చేతిగోళ్ల వలె కాలిగోళ్లను కూడా మూలలు గుండ్రంగా వచ్చేటట్టు లోతుగా కత్తిరిస్తాము. మూలలో కనబడకుండా మిగిలిన చిన్న మొన, గోరు పెరిగేకొద్దీ చర్మంలోకి దిగుతుంది. ముందుభాగం ఇరుకైన బూట్లు దానిని మరింత అదుముతాయి. చెమటకు నానిన చర్మం సులువుగా లొంగిపోతుంది. బడిపిల్లలలో, యువకులలో ఈ బాధ తరచుగా కనబడటానికి ఇవే కారణాలు.

"మాత్రలు వేసుకున్న తరువాత తగ్గింది కదా!" అని మీరు అనవచ్చు. ఆ ఐదు రోజులలో మీరు బూట్లు మాని చెప్పులు తొడిగి ఉంటారు, కాలికి విశ్రాంతి ఇచ్చి ఉంటారు, వేడినీళ్లలో పాదం ఉంచి ఉంటారు. తగ్గించినవి అవి, పేరు మాత్రలకు దక్కింది. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. కొన్ని వారాలకు మొన మళ్లీ చర్మాన్ని చేరుతుంది, మీరు మళ్లీ మందుల షాపుకు చేరతారు. యాంటీబయాటిక్ మాత్రల పట్టీ మీద నిలువుగా ఉండే ఎర్రగీతను ఎప్పుడైనా గమనించారా? వైద్యుని చీటీ లేకుండా దానిని వాడరాదని అర్థం. ప్రతి అనవసరపు మాత్రా మీ శరీరంలోని సూక్ష్మజీవులకు ఆ మందును ఎదిరించడం నేర్పే పాఠమే. రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోతే నష్టపోయేది మీరే.

యాంటీబయాటిక్ ఎన్నడూ వద్దని నేను అనడం లేదు. ఎరుపు వేలిని దాటి పాదం మీదికి పాకుతున్నా, జ్వరం వచ్చినా, రోగనిరోధక శక్తి తగ్గినవారైనా అది అవసరమే. అప్పుడు కూడా మొనను తొలగించడంతో పాటుగానే ఇవ్వాలి.

ఇక గోటిని మొత్తంగా పీకడం. బొటనవేలి గోరు పూర్తిగా తిరిగి రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. అది అదే వేరు నుంచి అదే వెడల్పుతో వస్తుంది. ఈలోగా గోరు లేని వేలి కొన పైకి ఉబ్బి, కొత్త గోటికి అడ్డుగోడగా నిలుస్తుంది. బాధ తిరగబెట్టడం అందుకే. సరైన పద్ధతి వేరు. వేలికి మాత్రమే మత్తు ఇచ్చి, గుచ్చుకుంటున్న పక్క అంచును సన్నని పట్టీగా తీసివేసి, ఆ భాగపు వేరును ఫినాల్‌తో కాల్చుతారు. మిగిలిన గోరు యథాతథంగా ఉంటుంది. రోగి సాధారణంగా ఆ రోజే నడిచి ఇంటికి వెళతాడు, బాధ తిరగబెట్టడం చాలా అరుదు. ఇది పెద్ద ఆసుపత్రులకే పరిమితమైన విద్య కాదు. మీకు ఎవరైనా గోరు మొత్తం తీయాలని చెబితే, అంచు మాత్రమే తీస్తే చాలదా అని తప్పక అడగండి.

మొదటి దశలో కత్తితో పనే లేదు. రోజుకు రెండు మూడు సార్లు పది, పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీటిలో పాదం ఉంచి, తుడిచి పొడిగా ఆరనివ్వండి. మెత్తబడిన గోటి మూల కింద శుభ్రమైన దూది పోగును మెల్లగా దూర్చి, రోజూ మార్చండి. గోటిని అడ్డంగా, సూటిగా కత్తిరించండి, మూలలను తవ్వకండి. వేళ్లు కదలగలిగేంత వెడల్పైన పాదరక్షలు ధరించండి. బ్లేడుతో గోకడం, పసుపూ సున్నమూ పట్టించడం మానండి.

పై సలహా మధుమేహం ఉన్నవారికి వర్తించదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. వీరిలో చాలామంది పాదాలు స్పర్శ కోల్పోయి ఉంటాయి. నొప్పి తెలియని పాదానికి నీటి వేడీ తెలియదు, బ్లేడు కోతా తెలియదు. గోటి మూలలో మొదలైన పుండు వేలినీ, ఒక్కొక్కసారి కాలినీ బలిగొంటుంది. మీరు మధుమేహులైతే ఇంట్లో ప్రయోగాలు చేయక, మొదటి రోజే వైద్యునికి చూపించండి. సన్నని నైలాన్ పోగుతో పాదస్పర్శను పరీక్షించడానికి రెండు నిమిషాలు చాలు. ఏటా ఒకసారైనా ఆ పరీక్ష చేయమని అడగండి.

గోటి నొప్పులన్నీ ఒకటి కావు. దెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకట్టవచ్చు, శిలీంధ్రం పట్టి గోరు మందంగా మారవచ్చు. దెబ్బ తగలకుండానే గోటిలో నల్లని చార పుట్టి వెడల్పవుతుంటే అసలు ఆలస్యం చేయరాదు. గాయకుడు బాబ్ మార్లే కాలివేలి గోటి కింద 1977లో బయటపడినది మెలనోమా క్యాన్సర్; 1981లో ఆయన మరణానికి అదే కారణం.

వీటిలో ఏది మీదో తెలియాలంటే ఎవరో ఒకరు వేలిని చూడాలి. మందుల షాపు బల్లకు ఇవతల ఉన్న మీ కాలు అవతలి వ్యక్తికి కనబడదు. చెప్పు విప్పించి, వేలిని వెలుగులో చూడకుండా రాసిన చీటీ ఎవరు రాసినదైనా వైద్యం కాదు. ఆ చీటీని పుచ్చుకోకండి. "ముందు నా గోరు చూడండి" అని అడగండి. అలా అడగడం రోగిగా మీ హక్కు.